ఇంటి ఖర్చు నేర్చుకుందాం – 5: కరెంటు బిల్లులో ఆఖరి యూనిట్

పోయిన పాఠంలో గ్యాసు బండ ఎన్ని రోజులు వస్తోందో రాసి పెట్టుకోవడం చూశాం. ఈసారి కరెంటు. ఒక పాత బిల్లు, పెన్ను, ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. బిల్లు ఏ నెలదైనా పర్వాలేదు కానీ వేసవిదైతే మరీ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. పగలు నలభై డిగ్రీలు దాటుతుంది, రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే ఉడుకుగానే ఉంటుంది. ఇంట్లో కరెంటు ఎటు పోతోందో ఆ రెండు నెలల బిల్లులే తేటగా చెప్తాయి.

మనకు కరెంటు ఇచ్చే ఏపీఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్నది మన తిరుపతిలోనే. వాళ్లిచ్చే కాగితంలో చాలామంది చూసేది అడుగున ఉండే మొత్తం ఒక్కటే. మనం పైనుంచి మొదలుపెడదాం. ప్రస్తుత రీడింగ్‌లోంచి గత రీడింగ్ తీసేస్తే ఆ నెల వాడిన యూనిట్లు. వాటికి స్లాబుల ప్రకారం, అంటే వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్ల ప్రకారం, ధర కడతారు. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే లైన్లలో కలుస్తాయి. వాటిని ఈ పాఠంలో పక్కన పెడుతున్నాను, మన చేతిలో ఉన్నది యూనిట్లు కాబట్టి.

ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు ఇవి. మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూ.1.90. అక్కడి నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. మీ బిల్లులో రేటు వేరుగా ఉంటే దాన్నే తీసుకుని లెక్క వేయండి.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. తిరుపతి కొర్లగుంటలో ఇల్లు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మే నెలలో 300 యూనిట్లు కాలింది. మొదటి 30కి రూ.57, తర్వాతి 45కి రూ.135, తర్వాతి 50కి రూ.225, ఆ తర్వాతి 100కి రూ.600, మిగిలిన 75కి రూ.656. మొత్తం రూ.1,673.

దీన్ని 300తో భాగిస్తే యూనిట్ ఐదున్నర రూపాయలు పడినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ సగటుతో పొదుపు లెక్క వేస్తే తప్పు వస్తుంది. ఈ ఇల్లు ఒక యూనిట్ తగ్గించుకుంటే తగ్గేది మొదటి యూనిట్ కాదు, మూడు వందోది. అంటే మిగిలేది రూ.1.90 కాదు, ఐదున్నర కూడా కాదు, రూ.8.75. అందుకే వస్తువు కొనేముందు, అలవాటు మార్చుకునేముందు అడగాల్సిన ప్రశ్న ఇది: మా ఇంటి ఆఖరి యూనిట్ ఏ స్లాబులో ఉంది?

ఫ్యాన్ తీసుకుందాం. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 నుంచి 35. 28 రకం కొన్నామనుకుంటే తేడా 47 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిట్, కాబట్టి రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 17 యూనిట్ల తేడా. కొర్లగుంట ఇంట్లో అది నెలకు రూ.149. మూడు వేలు పెట్టి కొన్న ఫ్యాన్ అదే లెక్కన ఇరవై నెలల్లో డబ్బు తిరిగిచ్చేస్తుంది. చలికాలంలో వాడకం, స్లాబు రెండూ తగ్గుతాయి కాబట్టి రెండున్నరేళ్లని అనుకోండి. మంచి బేరమే. అదే ఫ్యాన్‌ను నెలకు 70 యూనిట్లు కాల్చే చిన్న ఇంట్లో బిగిస్తే మిగిలేది నెలకు రూ.51. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్లు. ఆ ఇంటివాళ్లను అప్పు చేసి మరీ బీఎల్‌డీసీ కొనమనడం అన్యాయం. పాత ఫ్యాన్ కాలిపోయినప్పుడు కొనుక్కుంటే చాలు.

ఇక మీటరు దగ్గరికి వెళ్దాం. ఈ పాఠంలో చేత్తో చేసి నేర్చుకోవాల్సింది ఇదే.

డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు టక్ టక్‌మని వెలిగి ఆరుతూ ఉంటుంది. దాని పక్కనో, మీటరు మీదున్న అక్షరాల్లోనో 3200 అని, పక్కన ఇంప్ పర్ కేడబ్ల్యూహెచ్ అని ఉంటుంది. కొన్ని మీటర్ల మీద 1600 ఉండొచ్చు, 6400 ఉండొచ్చు. ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. ఈ ఒక్క అంకెతో మీ ఇంట్లో ఏ వస్తువు ఎంత తాగుతోందో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు.

ఇంట్లో అన్నీ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ ఐదు నిమిషాలు తీసేసినా లోపలివి పాడుకావు. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, బ్యాటరీ ఛార్జ్ అవుతుంటే లెక్క చెడిపోతుంది. ఇప్పుడు ఒక్క ఫ్యాన్ వేసి, ఒకరు మీటరు దగ్గర నిలబడి వెలుగులు లెక్కపెట్టండి. నిమిషానికి తక్కువ వస్తాయి కాబట్టి ఐదు నిమిషాలు లెక్కపెడితే నయం. 3200 మీటరైతే 75 వాట్ల ఫ్యాన్‌కు ఐదు నిమిషాల్లో 20 వెలుగులు రావాలి. అంటే గంటకు 240. దాన్ని 3200తో భాగిస్తే 0.075 యూనిట్. రెండు వేల వాట్ల గీజర్ వేసి చూడండి, ఒక్క నిమిషంలోనే వందకు పైగా వెలుగుతుంది, కళ్లు లెక్కపెట్టలేవు. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. లైట్ ఆపమని వందసార్లు చెప్పినా వినని పిల్లలు ఆ ఎర్ర లైటు పరుగు చూశాక గీజర్ స్విచ్ వాళ్లే ఆపుతారు.

అన్నీ ఆపాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే వదిలేయొద్దు. మెట్ల దగ్గరి లైటో, అందరూ వాడే బోరు మోటారో మీ మీటరు మీద నడుస్తుండొచ్చు. వైరింగ్‌లో లీకేజీ అయినా కావచ్చు. అది ప్రమాదం కూడా, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొర్లగుంట ఇంటి 300 యూనిట్లను ఇట్లా విప్పితే సుమారుగా ఏం వస్తుందో చూద్దాం. ఏసీ రాత్రిపూట నాలుగు గంటలకు 120. మూడు ఫ్యాన్లకు 81. ఫ్రిజ్‌కు 36. మోటారు రోజూ అరగంటకు 15. టీవీకి 12. వైఫై డబ్బాకు 7. ఎల్‌ఈడీ బల్బులన్నిటికీ కలిపి 6. వాషింగ్ మెషిన్, మిక్సీ, ఇస్త్రీ పెట్టెలకు 20. మిగతా మూడింటిని వెతకాల్సిన పని లేదు.

బల్బులు ఎంత తక్కువో చూడండి. ఎన్నో ఇళ్లలో గొడవ జరిగేది వాటి గురించే. వంటింట్లో 9 వాట్ల బల్బు ఆపలేదని కోడలి మీదో, పిల్లల మీదో కేకలు వేస్తారు, ఏసీ మాత్రం 20 మీద తిరుగుతూ ఉంటుంది. కేకలు వేయాల్సిన చోటు అది కాదు.

ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెప్తుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా చేసింది కూడా ఆ లెక్కతోనే. ఈ ఇల్లు 22 నుంచి 25కు మార్చి, పైన ఫ్యాన్ కూడా వేసుకుంటే 20 యూనిట్ల పైనే తగ్గుతుంది. ఎక్కువ తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే 34. ట్యాంకు నిండి డాబా మీద నీళ్లు పారేదాకా మోటారు వదిలేయకుండా పది నిమిషాల ముందే ఆపితే 5. మొత్తం దాదాపు 60 యూనిట్లు, అంటే రూ.525. సౌకర్యం ఎక్కడా తగ్గలేదు. పిల్లల్ని ఉక్కలో పడుకోబెట్టి చేసే పొదుపు నాకు సమ్మతం కాదు, ఈ పాఠాల్లో ఎక్కడా చెప్పను కూడా.

పై అంతస్తులో ఉండేవాళ్లు వేసవి ముందు డాబాకు తెల్ల సున్నం కొట్టించుకోండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, శ్లాబు అంతగా కాగదు.

అద్దె పోర్షన్లలో ఉన్నవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. తిరుపతిలో చాలా ఇళ్లలో సర్వీస్, అంటే కరెంటు కనెక్షన్, ఒక్కటే. పోర్షన్‌కో సబ్‌మీటరు ఓనర్ పెట్టిస్తాడు. మూడు పోర్షన్లు తలా 100 యూనిట్లు వాడితే మెయిన్ మీటరు మీద 300 పడుతుంది. బిల్లు రూ.1,673. ఆ ముగ్గురికీ వేరువేరు సర్వీసులు ఉంటే 100 యూనిట్లకు ఒక్కొక్కరికి రూ.304.50, ముగ్గురికీ కలిపి రూ.913.50. ఎవరూ ఒక్క బల్బు కూడా అదనంగా వేయకుండానే నెలకు రూ.760 పోతోంది. ఫ్యాన్లు, ఏసీలు మార్చి మిగిల్చేదానికంటే ఇది ఎక్కువ. పోర్షన్ మాట్లాడుకునేటప్పుడే, అడ్వాన్స్ ఇవ్వకముందే "మీటరు వేరేనా అన్నా?" అని అడగండి. ఇప్పటికే ఉంటున్నవాళ్లు ఈ లెక్క కాగితం మీద వేసి ఇంటి ఓనర్‌కు చూపించండి. వేరే సర్వీసుకు దరఖాస్తు పెట్టాల్సింది ఆయనే కాబట్టి గొడవగా కాకుండా, ఖర్చు అందరం పంచుకుంటామని చెప్తే పని తొందరగా అవుతుంది. అది కుదరకపోతే మెయిన్ బిల్లు చూపించమని అడిగి, ఎవరి యూనిట్లను బట్టి వాళ్లు పంచుకోండి. ఓనర్ యూనిట్‌కు ఒకే రేటు పెట్టి తొమ్మిదో పదో రూపాయలు వసూలు చేస్తుంటే ఆ తేడా ఎంతో ఇప్పుడు మీరే తేల్చగలరు.

అభ్యాసం. ఒక ఇంట్లో పోయిన నెల 240 యూనిట్లు, ఈ నెల 220. ఎంత మిగిలింది? కింద చూడకుండా వేయండి.

240 నుంచి 225 దాకా 15 యూనిట్లు, రూ.8.75 లెక్కన రూ.131.25. 225 నుంచి 220 దాకా 5 యూనిట్లు, రూ.6 లెక్కన రూ.30. మొత్తం రూ.161.25. ఇరవైని రూ.8.75తోనే గుణించినవాళ్లు స్లాబులు ఇంకోసారి చదవండి.

ఇక మీ ఇంటి పని. ఈ రోజు నుంచి వారంపాటు రాత్రి భోజనాలయ్యాక ఒకే సమయానికి మీటరు రీడింగ్ రాయండి. పక్కనే ఆ రోజు ప్రత్యేకంగా ఏం వాడారో ఒక మాట: దోసెపిండికి గ్రైండర్, ఇస్త్రీ, చుట్టాలొచ్చారు, ఏసీ ఎక్కువసేపు. ఫ్రిజ్ గురించి వచ్చే పాఠంలో మాట్లాడేటప్పుడు ఆ ఏడు అంకెలూ మీ చేతిలో ఉండాలి.