మీ మెషిన్‌లో నడిచి సర్వర్‌లో పడిపోతోందా? లైబ్రరీ వెర్షన్ల చిక్కులు, పరిష్కారాలు

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అయినా నిన్న బిల్డ్ అయిన జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు ఇవాళ సర్వర్‌లో ఎర్రర్ ఇస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది, లైబ్రరీలను దించే టూల్ ఎన్‌పీఎం వాటిని పెట్టే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌నీ, లాక్ ఫైల్‌నీ కలిపి తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఫోల్డర్ తీసేస్తే నష్టం లేదు, లాక్ ఫైల్ జోలికి మాత్రం పోవద్దు. ఏ వెర్షన్లతో ప్రాజెక్టు సరిగా నడిచిందో చెప్పేది అదే. అది పోతే పదుల కొద్దీ లైబ్రరీలు ఒకేసారి కొత్త వెర్షన్లకు మారిపోతాయి, ఇక తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

సమస్య: సర్వర్‌లో వేరే వెర్షన్ దిగుతోంది

కారణం: ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీల జాబితా ఉండే ప్యాకేజ్.జేసన్‌లో మనం రాసేది చాలావరకు వెర్షన్ కాదు, వెర్షన్ల పరిధి. ^1.4.2 అని ఉంటే 1.4.2 నుంచి 2.0.0 లోపు ఏదైనా రావచ్చు. ~1.4.2 అయితే 1.5.0 లోపే. సున్నాతో మొదలయ్యే వెర్షన్లకు లెక్క వేరు: ^0.4.2 అంటే 0.5.0 లోపే. 2022 జనవరిలో కలర్స్ అనే లైబ్రరీ కొత్త వెర్షన్‌లో దాన్ని రాసినవారే అంతులేని లూప్ పెట్టారు. లాక్ ఫైల్ లేకుండా, పరిధి మీదే ఆధారపడిన ప్రాజెక్టుల్లోకి అది ఎవరూ అడగకుండానే వచ్చేసింది.

పరిష్కారం: లాక్ ఫైల్‌ను గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) కమిట్ చేయండి. గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో దాని పేరు ఉందేమో కూడా చూడండి. సర్వర్‌లో ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ బదులు ‘ఎన్‌పీఎం సీఐ’ నడపండి. అది పాత ఫోల్డర్‌ను తుడిచేసి, లాక్ ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు దించుతుంది. లాక్ ఫైల్‌కీ ప్యాకేజ్.జేసన్‌కీ పొంతన లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలా ఆగడమే మనకు కావాలి. అప్పుడు మీ మెషిన్‌లో ఇన్‌స్టాల్ నడిపి, మారిన లాక్ ఫైల్‌ను కమిట్ చేస్తే సరిపోతుంది.

సమస్య: ఇన్‌స్టాల్ మధ్యలోనే ‘ఈరిజాల్వ్’ ఎర్రర్

కారణం: పీర్ డిపెండెన్సీల గొడవ. అంటే ఒక లైబ్రరీ తనతో పాటు మీ ప్రాజెక్టులో ఉండాలని కోరే వేరే లైబ్రరీలు. ఉదాహరణకు మీ ప్రాజెక్టులో రియాక్ట్ (వెబ్ పేజీల తెరలు కట్టే లైబ్రరీ) 18 ఉంది, మీరు వాడే డేట్ పికర్ రియాక్ట్ 17 కావాలంటోంది. ఎన్‌పీఎం 6 దీనికి హెచ్చరిక ఇచ్చి వదిలేసేది. వెర్షన్ 7 నుంచి పీర్ డిపెండెన్సీలను తనే దించడం మొదలుపెట్టింది కాబట్టి, పొంతన కుదరకపోతే ఆగిపోతుంది.

పరిష్కారం: ఎర్రర్‌ను పూర్తిగా చదవండి. ఇప్పుడున్న వెర్షన్ ఏది, దాన్ని ఒప్పుకోని లైబ్రరీ ఏది అన్న రెండూ అందులోనే ఉంటాయి. ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చి ఉంటే అప్‌గ్రేడ్ చేయండి. ‘లెగసీ పీర్ డెప్స్’ ఆప్షన్ పెడితే ఇన్‌స్టాల్ అయిపోతుంది గానీ, గొడవ అలాగే ఉండి రన్‌టైమ్‌లో బయటపడవచ్చు. పూర్తిగా పరీక్షించాకే దాన్ని వాడాలి.

సమస్య: హుక్‌ను సరిగ్గానే పిలిచినా ‘ఇన్‌వాలిడ్ హుక్ కాల్’

కారణం: హుక్ అంటే రియాక్ట్ కాంపొనెంట్ లోపల పిలిచే ప్రత్యేక ఫంక్షన్. మీ కోడ్ హుక్ నియమాలు పాటిస్తుంటే, ముందుగా అనుమానించాల్సింది రియాక్ట్ రెండు కాపీలు లోడ్ అవుతున్నాయా అని. మీరే రాసిన లైబ్రరీని, మీ మెషిన్‌లోని ఫోల్డర్ నుంచే ‘ఎన్‌పీఎం లింక్’ తో కలిపినప్పుడు ఇది తరచూ వస్తుంది, ఎందుకంటే ఆ లైబ్రరీ తన ఫోల్డర్‌లోని రియాక్ట్‌ను వాడుకుంటుంది.

పరిష్కారం: ‘ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్’ నడిపితే ఏ వెర్షన్ ఎవరి ద్వారా వచ్చిందో చెట్టులా కనిపిస్తుంది. లైబ్రరీలో రియాక్ట్‌ను మామూలు డిపెండెన్సీల నుంచి తీసి పీర్ డిపెండెన్సీల్లో పెట్టండి. లింక్ చేసి ఉంటే, రెండు చోట్లా ఒకే కాపీ వాడేలా బండ్లర్‌లో (కోడ్‌నంతా కలిపి కట్టే టూల్) ఎలియాస్, అంటే ఏ ఫోల్డర్‌లోది వాడాలో చెప్పే సెట్టింగ్, ఇవ్వండి.

సమస్య: సర్వర్‌లో మాత్రమే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’

మీ సొంత ఫైలే దొరకట్లేదంటే పేరులో చిన్న, పెద్ద అక్షరాల తేడా చూడండి. విండోస్, మ్యాక్ మామూలుగా దాన్ని పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఫైల్ పేరును ‘గిట్ ఎంవీ’ తో మార్చండి. లేదంటే గిట్‌కు ఆ మార్పు కనిపించకపోవచ్చు. దొరకనిది బిల్డ్ టూల్ అయితే అది డెవ్ డిపెండెన్సీల్లో (తయారీకి మాత్రమే కావాల్సిన లైబ్రరీలు) ఉండి ఉంటుంది, ప్రొడక్షన్ మోడ్‌లో వాటిని ఎన్‌పీఎం దించదు. బిల్డ్ అయ్యేదాకా వాటిని ఉంచి, ఆ తర్వాత తీసేయాలి.

సమస్య: తప్పు లైబ్రరీలోనే ఉంది

ముందు ఆ లైబ్రరీ ఇష్యూల్లో (వాడేవాళ్లు తప్పులు నమోదు చేసే చోటు) వెతకండి, మూసేసినవి కూడా. అక్కడ లేకపోతే, ఖాళీ ప్రాజెక్టులో ఆ ఒక్క లైబ్రరీతో తప్పు మళ్లీ రప్పించే అతి చిన్న కోడ్ రాసి, నోడ్ వెర్షన్, లైబ్రరీ కచ్చితమైన వెర్షన్‌తో సహా ఇష్యూ పెట్టండి. నిర్వహించేవాళ్లలో చాలామంది తమ సొంత సమయంలో చేస్తున్నారు. అర నిమిషంలో నడిపి చూడగలిగే ఉదాహరణ వాళ్ల చేతికి ఇవ్వడం కనీస మర్యాద.

సవరణ వచ్చేలోపు, పనిచేసిన పాత వెర్షన్‌ను క్యారెట్ గుర్తు (^) లేకుండా రాయండి. తప్పున్న లైబ్రరీ మరో లైబ్రరీ లోపల ఉంటే లోపలి లైబ్రరీ వెర్షన్‌ను మనమే నిర్ణయించేలా ప్యాకేజ్.జేసన్‌లో ‘ఓవర్‌రైడ్స్’ వాడండి, ఎన్‌పీఎం 8.3 నుంచి ఆ సౌకర్యం ఉంది. జేసన్‌లో కామెంట్లు రాయలేం కాబట్టి, ఆ వెర్షన్ దగ్గర ఎందుకు ఆగారో ఇష్యూ నంబర్‌తో సహా కమిట్ మెసేజ్‌లో రాసి పెట్టండి.