నెవాడా హైవే 50 మీద వెళ్తే ఈ రాళ్ల గోడల దగ్గర ఆగండి

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా నుంచి కారులో నెవాడా వైపు వెళ్లే మనవాళ్లకి ఒక చిన్న చిట్కా. ఫాలన్ ఊరు దాటాక దాదాపు 40 కిలోమీటర్లకి శాండ్ మౌంటెన్ అనే పెద్ద ఇసుక దిబ్బ వస్తుంది. అందరూ దిబ్బ చూసి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. దాని దగ్గరే ఉన్న శాండ్ స్ప్రింగ్స్ స్టేషన్ రాళ్ల గోడల్ని మాత్రం వదలకండి.

1860 ఏప్రిల్ నుంచి 1861 అక్టోబరు దాకా గుర్రాల మీద ఉత్తరాలు మోసిన పోనీ ఎక్స్‌ప్రెస్ వాళ్ల మజిలీ ఇది. రౌతు వస్తాడు, ఉత్తరాల జేబులున్న తోలు తొడుగుని పాత గుర్రం మీంచి తీసి కొత్త గుర్రం మీద వేసుకుంటాడు, వెళ్లిపోతాడు. అంతే పని. 1860లో ఇక్కడికొచ్చిన ఓ ఇంగ్లీషు యాత్రికుడు దీనికి పైకప్పు కూడా లేదని విసుక్కున్నాడు. ఆ తర్వాత ఇసుక కప్పేసింది, 1976లో తవ్వి తీశారు. ఇసుకే కాపాడిందనుకోవచ్చు.

మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు, రాయీ నేలా ఒకే రంగులో కలిసిపోతాయి. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ వెళ్తే ఏటవాలు ఎండలో గోడల నీడలు పడి, ఏ గది ఎక్కడుందో తెలుస్తుంది. పిల్లల్ని గోడలెక్కనివ్వకండి, సున్నం లేకుండా పేర్చిన రాళ్లు ఊడొస్తాయి. చిన్న రాయి కూడా జేబులో వేసుకోవద్దు, అది ప్రభుత్వ భూమి.

పెట్రోలు, నీళ్లు ఫాలన్‌లోనే నింపుకోండి. ఇదే రోడ్డు మీద ముందున్న ఆస్టిన్ ఊరు ఇంకా చాలా దూరం.