ఎదుటి లైట్లు కళ్ళల్లో కొడుతున్నాయా? ముందు మన లైట్లను గోడ మీద చూసుకుందాం

నెలకు రెండు శనివారాలు, ఆఫీసు అయ్యాక, బెంగళూరు యలహంక నుంచి హిందూపురం వైపు కారు తోలుకుంటూ పోతాను. హిందూపురం దాటి లేపాక్షి రోడ్డులో మా ఊరు. అమ్మ అక్కడ ఒక్కతే ఉంటుంది. దొడ్డబళ్ళాపురం దాకా రోడ్డు మధ్యలో డివైడర్ ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. అది దాటాక మాకళిదుర్గం మలుపులు, గౌరిబిదనూరు, ఆ తర్వాత మన రాష్ట్రం. అటూ ఇటూ ఒక్కొక్క వరుసే, మధ్యలో అడ్డం ఏమీ ఉండదు. ఎదురొచ్చే ప్రతి బండి వెలుగూ నేరుగా ముఖాన పడుతుంది. నాది చిన్న కారు, సీటు బాగా కిందికి ఉంటుంది. పెద్ద బళ్ళ లైట్లు దాదాపు నా కళ్ళ ఎత్తుకు వచ్చేస్తాయి.

ఈ బాధ పడలేక రెండేళ్ళ కిందట నేనూ ఎల్ఈడీ బల్బులు వేయించాను. వాళ్ళకు అంత వెలుగున్నప్పుడు నాకెందుకు ఉండకూడదు అనిపించింది. షాపులో అరగంట కూడా పట్టలేదు, పాత హాలోజన్ బల్బులు తీసి కొత్తవి బిగించి ఇచ్చారు. ముందంతా పాలు పోసినట్టు తెల్లగా వెలిగింది. ఆ రోజు నుంచి ఎదురొచ్చే వాళ్ళలో సగం మంది నాకు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టారు. నేను డిమ్‌లోనే ఉన్నాను కదా, వీళ్ళకేం వచ్చింది అని విసుక్కునేదాన్ని.

ఒక రాత్రి మా ఊరి మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. కారు ఆపాను. గొర్రెలన్నీ నా వైపు తిరిగాయి, వాటి కళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. వాటి వెనక కాపరి. ఆయన కళ్ళు మాత్రం నాకు కనపళ్ళేదు. అరచేయి ముఖానికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో కర్రను నేలకు తడుముతూ అడుగు వేస్తున్నాడు. రోజూ నడిచే దారిలో, నా లైట్ల ముందు, ఆ మనిషి గుడ్డివాడిలా తడుముకున్నాడు. ఆ చేయి ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఇంటికి పోయి చిన్నాయనకు చెప్పాను. ఆయన పాతికేళ్ళ పాటు హిందూపురం నుంచి రామనగర మార్కెట్‌కు రాత్రిళ్ళు పట్టుగూళ్ళు తోలిన మనిషి. ఏమీ అనకుండా నా కారు స్టార్ట్ చేసి డిమ్ లైట్ వేశాడు. "ఎనిమిది అంగలు ముందరికి పోయి తిరిగి చూడు పాపా" అన్నాడు. తిరిగాను, చూడలేక వెంటనే తల పక్కకు తిప్పుకున్నాను. కాబట్టి ఎదుటివాళ్ళ లైట్ల నుంచి ఎలా కాపాడుకోవాలో చెప్పేముందు, మన లైట్ల సంగతి చెబుతాను.

హాలోజన్ బల్బులో వెలిగేది బియ్యపు గింజంత తీగచుట్ట. దాని వెనక ఉన్న గిన్నెలాంటి అద్దాన్ని, అంటే రిఫ్లెక్టర్‌ను, ఆ తీగ ఎక్కడ ఉంటుందో మిల్లీమీటర్ల లెక్కన చూసుకుని తయారు చేస్తారు. చాలా చిన్న కార్లలో ఉండే హెచ్4 బల్బులో రెండు తీగలు ఉంటాయి, దూరానికి కొట్టే హై బీమ్‌కు 60 వాట్లది, మనం డిమ్ అనే లో బీమ్‌కు 55 వాట్లది. లో బీమ్ తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే. ఈ గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెడితే, దాని మీద వెలుగునిచ్చే చిన్న చిప్స్ రెండు పక్కలా అతికించి ఉంటాయి, ఆ తీగ ఉన్న చోట అవి కచ్చితంగా కూర్చోవు. ఆ కాస్త తేడాకే వెలుగు దారి తప్పి పైకీ పక్కలకూ చిమ్ముతుంది. కంపెనీ నుంచే ఎల్ఈడీ లైట్లతో వచ్చిన కార్ల సంగతి వేరు. వాటికి అద్దం, లెన్స్ ఆ చిప్ కోసమే చేసినవి. కాకపోతే అవి కూడా కొంచెం పైకి తిరిగి ఉంటే ఎదుటివాడికి నరకమే.

దీన్ని తేల్చేది గోడ. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో మా అబ్బాయి సాయంతో చూసుకున్నాను. నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీలో బియ్యం మూటల్లాంటివి ఉండకూడదు. డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చుని ఉండాలి. స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటే దాన్ని 0 దగ్గర పెట్టండి.

కారును గోడకు ఆనించినంత దగ్గరగా తీసుకుపోయి, రెండు హెడ్‌లైట్ల మధ్య బిందువులకు ఎదురుగా గోడ మీద రంగు టేపు ముక్కలు అంటించండి. తర్వాత తిన్నగా వెనక్కు పోనిచ్చి, లైట్లకూ గోడకూ మధ్య 5 మీటర్ల దూరం వచ్చాక ఆపండి. కొలత టేపు పట్టి కొలవండి, కళ్ళతో అంచనా వద్దు. ఇప్పుడు లో బీమ్ వేసి, ఒక లైటుకు తువ్వాలు అడ్డం పెట్టించి రెండోది చూడండి. ఎక్కువసేపు కప్పి ఉంచకండి, హాలోజన్ బాగా వేడెక్కుతుంది. గోడ మీద కింద వెలుగు, పైన చీకటి, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత కనపడాలి. మన దేశపు కార్లలో ఆ గీత కుడివైపు అడ్డంగా ఉండి, ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి రోడ్డు అంచు, అక్కడ నడిచే మనుషులు కనపడాలని అలా చేస్తారు. అడ్డంగా ఉన్న ఆ గీత టేపు ముక్క కంటే 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అంటే నూటికి ఒక వంతు వాలు. కొన్ని కార్లకు బానెట్ కిందనో లైటు మీదనో ఎంత శాతం వాలు ఉండాలో రాసి ఉంటుంది, ఉంటే ఆ లెక్కే తీసుకోండి.

నా గోడ మీద అసలు గీతే లేదు. తెల్లటి మేఘంలా ఒక మచ్చ, టేపుకు పైన కూడా అంతే వెలుగు, స్లాబు కింద పోయే నీళ్ళ పైపుల మీద ధూళి కూడా కనపడుతోంది. మర్నాడే ఆ ఎల్ఈడీలు తీయించి, మళ్ళీ 60/55 వాట్ల హాలోజన్ వేయించి, అదే గోడ ముందు అదే చోట ఆపాను. గీత వచ్చింది, ఎడమవైపు మెట్టుతో సహా. కాకపోతే ఒక లైటు గీత టేపు మీదే ఉంది. దాన్ని దించడానికి పెద్ద పనేమీ లేదు. బానెట్ ఎత్తితే లైటు వెనక ప్లాస్టిక్ పళ్ళ చక్రమో, స్క్రూనో ఉంటుంది, స్టార్ స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పుతూ గోడ మీద గీతను చూసుకోవాలి. ఎటు తిప్పితే దిగుతుందో కారును బట్టి మారుతుంది. గీత ఎంత తిప్పినా కదలకపోతేనే మెకానిక్ దగ్గరకు పోండి.

ఆ 0, 1, 2, 3 చక్రం గురించి ఒక మాట. అది ఎందుకుందో తెలియక చాలామంది దాన్ని 0లోనే వదిలేస్తారు. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాన్లు ఉంటే కారు వెనక కూర్చుని ముక్కు పైకి లేస్తుంది, లో బీమ్ కూడా హై బీమ్ అంత పని చేస్తుంది. అప్పుడు 2కో 3కో తిప్పితే లైట్లు దిగుతాయి. పండక్కి ఊరికి పోయే రోజు దీన్ని తిప్పడం మరచిపోకండి.

హాలోజన్ వెలుగు చాలదు అనేవాళ్ళకు నేను లెక్క చెబుతాను. నా కారు లైట్లు నేల నుంచి 66 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. నూటికి ఒక వంతు వాలు అంటే వెలుగు 66 మీటర్ల దాకా పోతుంది. గంటకు 60 మీద అది నాలుగు సెకన్ల దూరం. 80 మీద పోతే, చూసి బ్రేకు తొక్కి ఆగేసరికి దాదాపు ఆ దూరమంతా అయిపోతుంది. అందుకే లో బీమ్‌తో నేను 60 దాటను. ఎవరూ ఎదురు రానప్పుడు హై బీమ్ వేసుకోండి, అది అందుకే ఉంది. దూరాన వెలుగు కనపడగానే దించండి. ముందు పోయే బండి వెనక ఉన్నప్పుడు కూడా దించాలి, వాళ్ళ అద్దంలో మనమే ఎదురొచ్చే బండి.

ఇక మనం ఎంత సరిగ్గా ఉన్నా, ఎదుటివాడు దించడు. అప్పుడు ఏం చేయాలో చిన్నాయన ఒక్క ముక్కలో చెప్పాడు. "వచ్చే బండి కళ్ళల్లోకి చూడాకు పాపా, నీ ఎడమచేతి గీతను చూసుకో." చీకట్లో వెలుగు ఎక్కడుంటే కళ్ళు అక్కడికే లాగేస్తాయి. బలవంతాన చూపును రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీత మీదకు తిప్పాలి. గీత చెరిగిపోయిన చోట తారు అంచు, అదీ లేకుంటే చింతచెట్లకు వేసిన తెల్ల పట్టీలు. చూపు అక్కడే నిలిపి, బండిని దాని పక్కనే పోనివ్వాలి.

కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయాల్సింది బండి దాటాక కాదు, దాటకముందే. గట్టి వెలుగు కళ్ళల్లో పడ్డాక చూపు మళ్ళీ కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. 60 మీద మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లలో లైటు లేని సైకిలో, ఆపి పెట్టిన ట్రాక్టరో ఉండొచ్చు. ఒక్కసారి డిప్పర్ కొట్టి గుర్తు చేయండి, చాలు. పంతానికి మనమూ హై బీమ్ వేస్తే ఆ రోడ్డు మీద ఇద్దరు చూపులేని డ్రైవర్లు ఎదురెదురుగా వస్తున్నట్టు. ఇంతకంటే ప్రమాదం ఇంకోటి నాకు తెలియదు.

వెనక నుంచి కొట్టే వెలుగుకు మందు మీ కార్లోనే ఉంది. లోపలి అద్దం కింద చిన్న నాలుకలాంటిది ఉంటుంది, దాన్ని నొక్కితే అద్దం కొంచెం వాలి, వెనక లైట్లు మసక చుక్కల్లా కనపడతాయి. పదేళ్ళు కారు నడిపి దీన్ని ఒక్కసారి కూడా ముట్టుకోని వాళ్ళు నాకు తెలుసు. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో నేను ఎప్పుడూ దాన్ని దించే ఉంచుతాను.

ముందు అద్దం బయట కడిగితే సరిపోదు. లోపలివైపు డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వేడెక్కి, దాని నుంచి వచ్చే ఆవిరి పలచని పొరలా పట్టుకుంటుంది. పగలు కనపడదు. రాత్రి ఒక వీధి దీపానికి ఎదురుగా కారు ఆపి, అద్దం లోపలివైపు వేలితో ఒక గీత గీయండి. గీత గీసిన చోట వెలుగు శుభ్రంగా, పక్కన పొగలా కనపడితే పొర ఉన్నట్టే. తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఇంకోసారి తుడవాలి. నేను పదిహేను రోజులకోసారి చేస్తాను. వైపర్ రబ్బరు గట్టిపడితే అద్దం మీద విల్లులా గీతలు పడతాయి, ఎదుటి వెలుగు ఆ గీతల మీద చీలుతుంది. వానాకాలానికి ముందే మార్చేయండి. కార్లో లోపలి లైటు ఆర్పండి, ఫోన్‌లో మ్యాప్ నల్లగా ఉండేలా పెట్టుకోండి.

పసుపు కళ్ళద్దాలు కొనకండి. రాత్రి డ్రైవింగ్ కోసమని అమ్ముతారు, నేనూ కొన్నాను. కళ్ళకు హాయిగా అనిపించింది, కానీ అవి ఎదుటి లైటుతో పాటు రోడ్డు పక్క మనిషి మీద పడే కాస్త వెలుగునూ తగ్గిస్తాయి. 2019లో అమెరికాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద జరిగిన పరిశోధనలో కూడా, వాటివల్ల రోడ్డు మీది మనిషి ముందుగా కనపడిందేమీ లేదని తేలింది. ఆ డబ్బుతో కంటి పరీక్ష చేయించుకోండి. లైట్ల చుట్టూ నాకు ముళ్ళలా గీతలు కనపడేవి. డాక్టరమ్మ చూసి సిలిండ్రికల్ పవర్, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం, ఉందన్నారు, కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాక సగం తగ్గాయి. నలభై అయిదు దాటినవాళ్ళు శుక్లాలు మొదలయ్యాయేమో కూడా చూపించుకోవాలి. శుక్లం ఉన్న కంట్లో వెలుగు చెదిరి చూపంతా తెల్లగా కమ్మేస్తుంది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. బండి ముందు 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తున కళ్ళున్న మనిషికి మిరుమిట్లు కలగకుండా లైట్లు ఎప్పుడూ కిందికి వంగి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం చెబుతుంది. చిన్నాయనకు ఈ నియమం సంగతి తెలియదు, కానీ నన్ను నిలబెట్టింది దాదాపు అలాంటి చోటే. కళ్ళు చెదిరే ఎల్ఈడీ లైట్ల మీద కర్ణాటక పోలీసులు 2024 జూలైలో ప్రత్యేకంగా కేసులు రాయడం మొదలుపెట్టారు.

ఊళ్ళలో పొలం ఉన్నవాళ్ళు ఇంకో పని చేయాలి. కళ్ళు చెదిరిన డ్రైవర్‌కు చివరి క్షణంలోనైనా కనపడేది మెరిసే టేపు ఒక్కటే. చిన్నాయన ట్రాక్టర్ ట్రాలీకి వెనక ఎర్ర టేపు, ముందు తెల్ల టేపు నేనే తెచ్చి అతికించాను. గొర్రెల కాపరికి ఒక మెరిసే జాకెట్ ఇచ్చాను, కర్రకు కూడా రెండు చోట్ల టేపు చుట్టాను. ట్రాలీకి అంటించే ముందు మట్టి, ఆయిల్ సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద అంటిస్తే వారంలో ఊడిపోతుంది, మొదటిసారి మాకు అలాగే ఊడింది.