గ్రాంటు తీసుకునే చిన్న సంఘాలు లెక్కలు ఎలా చూసుకోవాలి?

కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు సొసైటీ రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు. నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదై గుర్తింపు సంఖ్య తెచ్చుకోండి. సంఘం పాన్ కార్డు, కార్యవర్గ సభ్యుల వివరాలు ముందే సిద్ధం చేసుకోండి.

అసలు పని డబ్బు అందాక మొదలవుతుంది. మా సంఘం పద్దులు రాసేది నేనే కాబట్టి గట్టిగా చెబుతున్నాను: గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ డబ్బుపై వచ్చే వడ్డీని సంఘం వాడుకోకూడదు. 2017 సాధారణ ఆర్థిక నియమావళి (జీఎఫ్ఆర్) ప్రకారం లెక్కలు ఖరారు కాగానే దాన్ని ప్రభుత్వానికి జమ చేయాలి. ఇది తెలియక ఎంతో మంచి పని చేసేవాళ్లు కూడా సంజాయిషీలు రాసుకోవాల్సి వస్తుంది.

పిల్లలకు పలకలు పంచారనుకోండి. దుకాణం బిల్లు వెనుక ఏ తీర్మానం ప్రకారం కొన్నారో ఆ రోజే రాయండి. అందుకున్నవారి సంతకాల పట్టీ దానికే కుట్టండి. వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం తీసుకోండి.

ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం, అంటే గ్రాంటును ఇచ్చిన పనికే ఖర్చు చేశామని తెలిపే పత్రం, ఇవ్వాలి. నేనైతే జూన్ దాటనివ్వను.

అధికారుల ముందు బెరుకు వద్దు, మనం చేసేది ప్రజల పనే. అయితే నోటి మాటపై ఆధారపడకండి, అధికారి బదిలీ అయితే ఆ హామీ గాలికి పోతుంది. ఇచ్చిన ప్రతి కాగితం నకలుపై కార్యాలయ ముద్ర, తేదీ వేయించుకోండి.