ఇంటి ముందు గడ్డి ఎండుతోందా? పైపు పక్కన పెట్టి గడ్డపార తీయండి

గడ్డి కాస్త రంగు మారిందంటే అందరం చేసే పని ఒకటే, పైపు తగిలించడం. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఇలాంటి ఊళ్లో బోరు నీళ్లు వృథా పోతే మనసుకు కష్టంగానే ఉంటుంది. నేనూ రెండు ఎండాకాలాలు అట్లే పోశాను. సంపు ఖాళీ అయింది గానీ గడ్డి పచ్చబడలేదు. చాలాసార్లు రోగం పైన కనిపించదు, మట్టిలో ఉంటుంది. ఇక్కడ చెప్పేవన్నీ ముఖ్యంగా గరిక వేసుకున్నవాళ్లకు. మన ఎండకు నర్సరీవాళ్లు అమ్మే మెత్తటి తివాచీ గడ్డి కన్నా గరికే మేలని నా అభిప్రాయం.

రోజూ నీళ్లు పెట్టినా మధ్యాహ్నానికి వాడిపోతోంది

గడ్డి మీద నడిచి వెనక్కి చూడండి. అడుగు పడినచోట పోచలు లేవకుండా అట్లే పడుకుని ఉంటే దాహమే. అయితే రోజూ పోస్తున్నా ఈ దాహమెందుకు? నీళ్లు పెట్టిన గంటకు పొడుగాటి స్క్రూడ్రైవరు నేలలోకి గుచ్చండి. రెండంగుళాల దగ్గరే ఆగిపోయిందంటే కింద నేల ఎండి ఉన్నట్టే. పది నిమిషాలు పైపైన చిలకరిస్తే తడి పైనే ఉంటుంది. వేర్లూ తడి కోసం పైనే అల్లుకుంటాయి. పన్నెండు గంటల ఎండకు ముందు ఎండిపోయేది ఆ పై పొరే.

రోజూ కొంచెం పోయడం మానేసి, వారానికి రెండుసార్లు తెల్లవారుజామున బాగా తడపండి. వారానికి 25 మిల్లీమీటర్లు అనుకుంటే, అర సెంటు పచ్చికకు, అంటే దాదాపు 20 చదరపు మీటర్లకు, 500 లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకొంచెం పడుతుంది. స్ప్రింక్లరు ఉంటే ఎంత పడిందో ఊహించుకోకండి. నిటారు అంచులున్న స్టీలు డబ్బాలు మూడు అక్కడక్కడ పెట్టి, వాటిలో చేరిన నీళ్లను స్కేలుతో కొలవండి. మన ఎర్రనేల పైన అట్ట కట్టి ఉంటే నీళ్లు ఇంకకుండా గేటు దాటి రోడ్డు మీదికి పోతాయి. అప్పుడు సగం పెట్టి, అరగంట ఆగి, మిగతా సగం పెట్టాలి. వానాకాలం మొదట్లో తడి ఉన్నప్పుడు గడ్డపారతో జానెడుకొకటి చొప్పున నాలుగంగుళాల లోతు పొడిచి, ఆ గుంతల్లో చివికిన దిబ్బ ఎరువు పొడి నింపండి.

నీళ్లు నిజంగానే లేవా? వదిలేయండి. గరిక గోధుమ రంగుకు తిరిగి పడుకుంటుంది, చావదు. వానకు మళ్లీ లేస్తుంది.

చుట్టూ బాగుంది, ఒక్కచోటే ప్రతిసారీ ఎండుతోంది

మా ఇంట్లో తులసి కోటకు ఎడమ పక్క చాటంత జాగా ఇలాగే ఉండేది. యూరియా వేశాను, పేడనీళ్లు పోశాను, ఊహూఁ. చివరికి విసుగొచ్చి గడ్డపార దించితే ‘టంగ్’మంది. తవ్వితే ప్లాస్టరింగు పెళ్లలు, ఇటుక ముక్కలు, వాటి కింద తడిసి గడ్డకట్టిన సిమెంటు మూట. గోనె పోగుల అచ్చుతో సహా రాయైపోయి ఉంది. ఇల్లు కట్టినాయన మిగిలిన చెత్తంతా అక్కడే పూడ్చి, పైన ఎర్రమన్ను పరిచిపోయాడు. కొత్త లేఅవుట్లలో ఇల్లు కొన్నవాళ్లు ముందు అనుమానించాల్సింది దీన్నే.

అడుగు లోతు తవ్వి ఉన్నదంతా ఎత్తిపోయండి. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు దిబ్బ ఎరువు కలిపి నింపి, పక్కనున్న గరిక కణుపులనే నాటితే చాలు.

మచ్చ నల్లబండలు పరిచిన దారి వెంబడే ఉంటే తప్పు బండది. ఎండకు కాలి, పొద్దుపోయాక కూడా సెగ వదులుతుంది. బండ పక్కన జానెడు వెడల్పున గులకరాళ్లు పోయండి. మచ్చ గుండ్రంగా ఉండి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే వీధి కుక్క పని. అక్కడ రెండు బకెట్లు పోస్తే సరి.

పచ్చదనం పోయి పసుపెక్కుతోంది

యూరియా సంచి విప్పేముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం. చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, అంటే అర సెంటుకు 200 గ్రాములు, చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. పిడికిలితో విసిరితే పడినచోటల్లా మాడుతుంది. నడి ఎండాకాలంలో అసలు వద్దు.

లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్యన పసుపు చారలు కనిపిస్తే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలలోనూ, ఉప్పు బోర్ల కిందా ఇది మామూలే. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. శెనక్కాయ పెట్టే రైతు నడిగితే మందు చిటికెలో చెప్తాడు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). అప్పటికప్పుడు కలిపి సాయంత్రం పిచికారీ చేసి, వారానికి మళ్లీ ఒకసారి. బండల మీద, గోడ మీద పడితే తుప్పు మరకలు పోవు. ఆ తర్వాత ఇంట్లో పడే మాటలకు నాది పూచీ కాదు.

మట్టి పైన తెల్లగా పొక్కు కడుతోంది

బోరు నీళ్లలోని ఉప్పు అది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లను గడ్డికి తిప్పుతుంటే ఈరోజే ఆపండి, ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోనే. ఆ పొక్కును పారతో గీకి తీసేయండి. వానాకాలంలో మిద్దె మీద పడిన నీళ్లను గొట్టంతో పచ్చిక మీదికే మళ్లిస్తే ఉప్పు కిందికి దిగుతుంది. వానకు నేల జిగటగా మారి, ఎండితే రాయయ్యే చోట జిప్సం వేస్తే గుణం కనిపిస్తుంది. వేసేముందు మట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది.

పట్టి లాగితే చాపలా లేచి వస్తోంది

కింద వేర్లు లేవు, వేరు పురుగు కొరికేసింది. ఒళ్లు తెల్లగా, తల గోధుమ రంగులో, కొడవలిలా వంగి ఉంటుంది. కాకులు, గోరింకలు ఒకేచోట కెలుకుతున్నా ఇదే. ఏరి పారేయండి, వేపపిండి చల్లి నీళ్లు పెట్టండి. అసలు మాటు వేయాల్సింది తొలకరికి. మొదటి మంచి వాన పడ్డాక చీకటి పడగానే వీటి తల్లులైన పెంకు పురుగులు వేపచెట్టు మీదికి చేరతాయి. కింద పాత చీర పరిచి కొమ్మలు దులిపి, పడినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయండి. పచ్చి పేడ మాత్రం పచ్చికలో వేయకండి, ఈ పురుగు గుడ్లు పెట్టేది అలాంటిచోటే.

పీకినా పీకినా తుంగ వస్తోంది

పైన ఆకు తెగుతుంది, కింద గడ్డ మిగులుతుంది. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, సన్న గునపంతో గడ్డతో సహా తీయాలి. ఒక్కసారికి పోదు, మూడు నాలుగు నెలలు పట్టుబట్టాలి. ట్రాక్టరు మట్టి తోలించుకునేటప్పుడే గుప్పెడు తీసి, నల్లటి గడ్డలున్నాయేమో చూసుకుంటే ఈ పాట్లుండవు. వయ్యారిభామను పూత రాకముందే పీకండి, చేతికి గ్లౌజు తప్పనిసరి.

వేపచెట్టు కింద ఎంత నాటినా పట్టడం లేదు

పట్టదు. గరికకు ఆరు గంటలన్నా ఎండ తగలాలి. నేను రెండుసార్లు నాటి వదిలేశాను. ఇప్పుడు అక్కడ నాలుగు బండలు పరిచి మంచం వేసుకున్నాం.