అబుర్రీదో: బోరు కొట్టించేది ఎవరు, కొడుతున్నది ఎవరికి?

స్పానిష్ కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలియకుండానే తమను తాము తిట్టుకునే వాక్యం ఒకటుంది: ‘సోయ్ అబుర్రీదో’. ‘నాకు బోరు కొడుతోంది’ అనబోయి ఇలా అంటారు. విన్నవాళ్లకు మాత్రం ‘నేనొక బోరు మనిషిని’ అని అర్థమవుతుంది. అనాల్సింది ‘ఎస్తోయ్ అబుర్రీదో’.

అబుర్రీర్ అనే క్రియకు బోరు కొట్టించడం, విసిగించడం అని అర్థం. దాని చివరి ‘ఈర్’ తీసి ‘ఈదో’ చేరిస్తే ఈ విశేషణం వస్తుంది. ఇంగ్లిష్‌లో బోరింగ్, బోర్డ్ అని రెండు మాటలుంటే ఇక్కడ రెంటికీ ఇదొక్కటే. తేడా చూపించేది ముందుండే క్రియ: సెర్ లేదా ఎస్తార్. రెంటికీ ‘ఉండటం’ అనే అర్థం; సోయ్, ఎస్ అనేవి సెర్ రూపాలు, ఎస్తోయ్, ఎస్తా అనేవి ఎస్తార్ రూపాలు. బోరింగ్‌ను మనసులో పెట్టుకుని ‘అబుర్రియెందో’ అనకండి. అది ‘బోరు కొట్టిస్తూ’ అనే క్రియారూపం, విశేషణంగా పనికిరాదు.

శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అనే సూత్రం ఈ మాట దగ్గర పెద్దగా ఆదుకోదు. రెండు గంటల్లో అయిపోయే సినిమాను కూడా ‘లా పెలీకులా ఎస్ అబుర్రీదా’ అనే అంటారు మరి (పెలీకులా, అంటే సినిమా, స్త్రీలింగం కాబట్టి చివర ‘దా’). దానికన్నా తెలుగు వాక్యాన్ని చూసుకోవడం మేలు. మనకు బోరు కొడుతున్న మనిషికి ‘కి’ గానీ ‘కు’ గానీ తగులుతుంది. స్పానిష్‌లో ఆ మనిషే కర్త అయితే ఎస్తార్. బోరు కొట్టించే మనిషో వస్తువో కర్త అయితే సెర్. ఆనాకు బోరు కొడుతోంది: ‘ఆనా ఎస్తా అబుర్రీదా’. ఆనా బోరు మనిషి: ‘ఆనా ఎస్ అబుర్రీదా’.

ఈ చిట్కా తప్పే చోటు కూడా ఉంది. ‘లా ఫియెస్తా ఎస్తా అబుర్రీదా’ అనే మాట వినిపిస్తుంది. పార్టీకి బోరు కొట్టదు కదా! ఈపూట పార్టీ చప్పగా ఉందని దాని భావం. ఇక ‘ఉన్ నీన్యో అబుర్రీదో’ అని క్రియ లేకుండా అంటే ఆ పిల్లవాడు ఏ రకమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

దేనితో విసిగిపోయారో చెప్పాలంటే ‘దె’ వాడండి: ‘ఎస్తోయ్ అబుర్రీదా దె ఎస్పెరార్’, ఎదురుచూసి చూసి విసుగొచ్చింది. ఇది ఆడమనిషి మాట, అందుకే చివర ‘దా’. బహువచనంలో అబుర్రీదోస్, అబుర్రీదాస్. వందమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడున్నా వ్యాకరణం ప్రకారం ‘దోస్’ అనాలి. కానీ ‘ఎదురుచూడటం బోరు’ అనేటప్పుడు పనే కర్త కాబట్టి ఎవరన్నా ‘ఎస్ అబుర్రీదో ఎస్పెరార్’ అంటారు.

బాగా తడబడేది ఆబెర్ అనే సహాయక క్రియ దగ్గర. దాని పక్కన ఈ మాట విశేషణం కాదు, క్రియలో భాగం, కాబట్టి మారదు. నలుగురు ఆడవాళ్లు కలిసి ‘మాకు బోరు కొట్టింది’ అన్నా ‘నోస్ ఎమోస్ అబుర్రీదో’ అనే అనాలి (‘ఎమోస్’ ఆబెర్ రూపమే). ‘దాస్’ పెడితే తప్పు.

‘చాలా’ అనడానికి విశేషణం ముందు ‘మూయ్’, క్రియ తర్వాత ‘మూచో’: ‘ఎస్తోయ్ మూయ్ అబుర్రీదో’, ‘మె అబూర్రో మూచో’ (నాకు చాలా బోరు కొడుతుంది). తెలుగువాళ్లకు చప్పున అలవడేది మాత్రం ‘మె అబూర్రె ఎస్తా పెలీకులా’, ఈ సినిమా నాకు బోరు కొడుతోంది. మన వాక్యంలాగే ఇక్కడా కర్త సినిమాయే. ఈ ‘ఎస్తా’ క్రియ కాదు, ‘ఈ’ అని అర్థం.

పలికేటప్పుడు ‘రీ’ని ఒత్తాలి. ‘ర్ర’ను గుర్రంలోలా నాలుక కంపించేలా పలకండి. ‘బ’కు పెదవులు పూర్తిగా మూసుకోవు, ‘ద’కు నాలుక పళ్లను ఊరికే తాకుతుంది. స్పెయిన్ దక్షిణాన అండలూసియాలో మాటల్లో ఆ ‘ద’ కూడా జారిపోయి ‘అబుర్రీఓ’ అని వినిపిస్తే కంగారుపడకండి, రాతలో మాత్రం ఉండాల్సిందే.

స్పెయిన్‌లో బోరు తారస్థాయికి చేరితే ‘మె అబూర్రో కోమో ఉనా ఓస్త్రా’ అంటారు. ఓస్త్రా అంటే ఆలుచిప్ప, రాయికి అతుక్కుని కదలకుండా పడి ఉండే జీవి.