మైటోకాండ్రియాతో పురుగుల వంశవృక్షం, 3వ పాఠం: చెట్టు గీసే ముందు చెక్ చేసుకోవాల్సినవి

పోయిన పాఠంలో రీడ్స్ (సీక్వెన్సర్ ఇచ్చిన చిన్న డీఎన్ఏ ముక్కలు) అన్నీ అతికించి మైటోకాండ్రియా జీనోమ్‌ని ఒక రింగుగా తెచ్చుకున్నాం, మైటోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఏ జీన్ ఎక్కడుందో గుర్తించాం. ఇప్పుడు మీ దగ్గర సుమారు 15-16 వేల బేస్‌ల సీక్వెన్స్, అందులో 37 జీన్లు ఉండాలి (13 ప్రొటీన్ జీన్లు, 22 టీఆర్ఎన్ఏలు, 2 ఆర్ఆర్ఎన్ఏలు). మీ పురుగు పేను అయితే మాత్రం ఒకే రింగు కోసం వెతక్కండి, మనిషి పేలలో ఈ జీనోమ్ బోలెడు చిన్న చిన్న రింగులుగా విడిపోయి ఉంటుంది.

చాలామంది ఇక్కడే తొందరపడి ఫైల్ తీసుకెళ్ళి ఐక్యూ-ట్రీలో వేసేస్తారు. దయచేసి ఆగండి. ఆ సాఫ్ట్‌వేర్ ఏమిచ్చినా చెట్టు గీసిస్తుంది, చెత్త డేటా ఇచ్చినా బూట్‌స్ట్రాప్ (ఒక కొమ్మని డేటా ఎంత గట్టిగా సమర్థిస్తుందో చెప్పే 0-100 అంకె) 100తో చక్కటి చెట్టు రావచ్చు, చూడగానే నమ్మేస్తాం కూడా. అందుకే ఈ పాఠం మొత్తం చెకింగే.

ముందు పోగు సంగతి, అంటే డీఎన్ఏ రెండు పోగుల్లో ఏ జీన్ దేనిమీద ఉందో. 13 ప్రొటీన్ జీన్లలో మామూలుగా 9 ఒక పోగు మీద ఉంటాయి, ఎన్‌డీ1, ఎన్‌డీ4, ఎన్‌డీ4ఎల్, ఎన్‌డీ5 ఈ నాలుగూ రెండో పోగు మీద ఉంటాయి, వీటిని రివర్స్ కాంప్లిమెంట్ చేశాకే (అంటే సీక్వెన్స్‌ని తిరగేసి ప్రతి బేస్‌కీ దాని జోడీ బేస్ పెట్టాకే) వాడాలి.

తర్వాత ట్రాన్స్‌లేషన్, అంటే బేస్‌లని మూడేసి చొప్పున (ఆ మూడింటినీ కలిపి కోడాన్ అంటారు) అమైనో ఆసిడ్లుగా చదవడం. ఇక్కడ కోడ్ టేబుల్ 5 పెట్టాలి, అంటే వెన్నెముక లేని జీవుల మైటోకాండ్రియా కోడ్. మామూలు కోడ్‌లో (టేబుల్ 1) టీజీఏ అంటే స్టాప్, అంటే ప్రొటీన్ ఇక్కడితో అయిపోయిందనే గుర్తు, ఇందులో అదే ట్రిప్టోఫాన్. ఏటీఏ మెథియోనిన్ అవుతుంది, ఏజీఏ సెరీన్ అవుతుంది. టేబుల్ 1లోనే ఉంచేస్తే జీన్ మధ్యలో పదిచోట్ల స్టాప్ గుర్తులు కనిపించి కంగారు పడతారు. టేబుల్ 5 పెట్టాక కూడా మధ్యలో స్టాప్ వస్తుంటే అప్పుడు నిజంగా అనుమానించాలి, ఒక బేస్ ఎక్కువో తక్కువో పడి ఫ్రేమ్ (మూడేసి చదివే వరస) జరిగిపోయిందేమో చూడండి, అది కాకపోతే మీరు పట్టుకున్నది న్యూక్లియస్‌లోకి ఎప్పుడో కాపీ అయిపోయి మూలపడ్డ ముక్క కావచ్చు, దాన్ని నమట్ అంటారు. మిడతల్లో ఇవి బాగా ఎక్కువ. అలాంటి ముక్క ఒక్కటి చెట్టులోకి దూరినా ఆ పురుగు చోటే మారిపోవచ్చు.

జీన్ చివర్లో పూర్తి టీఏఏ లేకుండా ఉత్త టీ మాత్రమే ఉంటే కంగారేం లేదు. ఆర్ఎన్ఏకి పాలీ-ఏ తోక (వరసగా ఏలే ఉండే తోక) తగిలాక స్టాప్ పూర్తవుతుంది, కాబట్టి దానికోసం పక్క జీన్‌లోకి జరిపి సాగదీయకండి. కాక్స్1 అనే జీన్ మొదలు కూడా పురుగుల్లో తరచూ తేడాగానే ఉంటుంది, మామూలు స్టార్ట్ కోడాన్ ఏటీజీ కనపడలేదని కొట్టేయొద్దు.

ఎలైన్‌మెంట్ (జాతుల సీక్వెన్స్‌లని ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చడం) విషయంలో నా మాట ఒకటే: ముందు అమైనో ఆసిడ్లుగా మార్చి మాఫ్ట్ అనే ఎలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, అది పెట్టిన గ్యాప్‌ల (ఖాళీల) ప్రకారం మళ్ళీ కోడాన్లకి తెచ్చుకోండి, నేరుగా డీఎన్ఏని ఎలైన్ చేస్తే గ్యాప్ కోడాన్ నడుమ పడి ఫ్రేమ్ చెడిపోతుంది. కంట్రోల్ రీజియన్‌ని (జీన్లు లేని భాగం) మాత్రం పక్కన పెట్టేయండి, దూరపు జాతుల మధ్య దాన్ని నమ్మకంగా ఎలైన్ చేయలేం.

ఇక అసలు ప్రమాదం ఏ, టీ బేస్‌ల ఎక్కువతనం. పురుగుల మైటోకాండ్రియాలో ఇవి మామూలుగానే ఎక్కువ, తేనెటీగలో అయితే దాదాపు 85 శాతం. దీని దెబ్బ అన్నిటికంటే కోడాన్ మూడో స్థానం మీద పడుతుంది, ఎందుకంటే అక్కడ బేస్ మారినా చాలాసార్లు అమైనో ఆసిడ్ మారదు, అందుకని ఒకే చోట మార్పు మీద మార్పు జరిగి పాత చరిత్ర చెరిగిపోతుంది. అప్పుడు ఏ చుట్టరికమూ లేని రెండు పురుగులు, రెండింటిలోనూ ఏ, టీలు ఎక్కువ ఉన్నందుకే, చెట్టులో పక్కపక్కన చేరతాయి. కాబట్టి ప్రతి జాతికీ, కోడాన్‌లో ప్రతి స్థానానికీ ఏ, టీల శాతం విడివిడిగా లెక్కేసి ఒక టేబుల్‌లో రాసుకోండి, ఒక జాతి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే దానిమీద కన్నేసి ఉంచండి.

ఇప్పుడు అభ్యాసం. జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్స్‌ల డేటాబేస్ నుంచి ఐదు జీనోమ్‌లు దించుకోండి: ఒక చెదపురుగు, కర్ర తినే బొద్దింక క్రిప్టోసెర్కస్, పెద్ద బొద్దింక పెరిప్లానెటా, చిన్న బొద్దింక బ్లాటెల్లా, బయటి జాతిగా (చెట్టు వేరు ఎక్కడో తేల్చడానికి) ఒక మాంటిస్. చెదపురుగులు బొద్దింకల వంశంలోంచే వచ్చాయనీ వాటికి అతి దగ్గరి చుట్టం క్రిప్టోసెర్కస్ అనీ ఇప్పటికే బాగా రుజువైంది, అందుకే మన పద్ధతి సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఇది మంచి పరీక్ష. 13 జీన్లు కలిపి ఒకసారి మూడు స్థానాలతో, ఇంకోసారి మూడో స్థానం తీసేసి చెట్లు గీయండి. రెండింట్లోనూ చెదపురుగు ఎవరి పక్కన చేరింది, ఆ కొమ్మ దగ్గర బూట్‌స్ట్రాప్ ఎంతొచ్చింది రాసిపెట్టుకోండి, 4వ పాఠంలో మోడల్ ఎంచుకోవడం ఈ రెండు చెట్ల మీదే మొదలుపెడదాం.